ఒక కిడ్నీ లేదన్నారు, మూత్రంలో మంట తగ్గట్లేదు: స్కానింగ్‌లో ఇంకా ఏం చూడాలి?

సమస్య

కర్నూలు ఎండల్లో కుర్రాడు మూత్రంలో మంట అంటే ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగిస్తారు. తగ్గకపోతే రాయి ఉందేమోనని స్కానింగ్‌కు పంపుతారు. అందులో తప్పేం లేదు. కానీ మాటిమాటికీ మూత్రం రావడం, వృషణాలకూ మలద్వారానికీ మధ్య నొప్పి, వీర్యం పడేటప్పుడు నొప్పి, వీర్యంలో రక్తం, యాంటీబయోటిక్ కోర్సు అయిపోగానే మళ్లీ మంట... ఇవి కలిసి ఉంటే జిన్నర్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే లోపం ఉందేమోనని కూడా ఆలోచించాలి. వెంట వచ్చిన నాయన ముందు ఏ కుర్రాడూ ఈ మాటలు చెప్పడు. అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

రిపోర్టులో ‘కుడి కిడ్నీ కనిపించలేదు, ఎడమ కిడ్నీ పెద్దదిగా ఉంది’ అని వస్తుంది. ఇంట్లో అందరికీ కిడ్నీ గురించే టెన్షన్. మూత్రాశయం వెనక ఏముందో అడిగేవాళ్లు ఉండరు. అడగాల్సింది అదే.

కారణం

తల్లి కడుపులో మగబిడ్డకు రెండు పక్కలా ఒక్కో నాళం ఉంటుంది. దాని కింది భాగం నుంచి మొలిచే మొగ్గ వల్లే కిడ్నీ తయారవుతుంది. మిగతా నాళం వీర్యనాళంగా, వీర్యకోశంగా (మూత్రాశయం వెనక ఉండి వీర్యంలోని ద్రవం తయారుచేసే సంచి), వీర్యం బయటికి వచ్చే సన్నటి దారిగా మారుతుంది. ఆ కింది భాగం సరిగా ఎదగకపోతే కిడ్నీ ఏర్పడదు, అదే పక్క దారీ మూసుకుపోతుంది. వయసొచ్చాక ద్రవం బయటికి పోలేక వీర్యకోశం తిత్తిలా ఉబ్బుతుంది. 1914లో జిన్నర్ అనే వైద్యుడు వివరించాడు కాబట్టి దీన్ని జిన్నర్ సిండ్రోమ్ అంటారు. గ్రహణం నాడు బయట తిరిగిందని తల్లిని ఆడిపోసుకోవద్దు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

పరిష్కారం

నీళ్లు తాగి, మూత్రం ఆపుకొని స్కానింగ్‌కు వెళ్లండి. మూత్రాశయం నిండుగా ఉంటేనే వెనకున్న తిత్తి స్పష్టంగా తెలుస్తుంది. మూత్రం పోసి వచ్చాక ఇంకోసారి చూడమనండి. తిత్తి సైజు మారితే అది మూత్రాశయం గోడ నుంచి వచ్చిన సంచి కావచ్చు. మూత్రాశయం లోపలికే ఉబ్బి ఉంటే యురెటరోసీల్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం చివర ఉబ్బడం) అని అనుమానించాలి. సరిగ్గా మధ్యలో ఉంటే వేరే రకం సిస్ట్ (తిత్తి). ఒక పక్కకు, అదీ కిడ్నీ లేని పక్కకే ఉంటే వీర్యకోశం సిస్ట్ అనే అనుమానం బలపడుతుంది. లేదన్న కిడ్నీ కటి భాగంలో దాక్కుందేమో కూడా చూడాలి.

తేల్చి చెప్పేది ఎమ్మారై. అందులో టీ1, టీ2 అని రెండు రకాల చిత్రాలు తీస్తారు. టీ2 చిత్రాల్లో సిస్ట్ తెల్లగా మెరుస్తుంది. టీ1లో కూడా తెల్లగా ఉంటే లోపల రక్తమో చిక్కటి ద్రవమో ఉన్నట్టు. సీటీలో ఇంత వివరం రాదు, పైగా రేడియేషన్. కాంట్రాస్ట్ (చిత్రం స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇవ్వాల్సి వస్తే ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) చూడాలి, ఉన్నది ఒక్క కిడ్నీయే కదా. పిల్లలు కలగని వాళ్లకు వీర్య పరీక్ష తప్పనిసరి. పరిమాణం ఒకటిన్నర మిల్లీలీటరు కన్నా తక్కువగా ఉండి, వీర్యకణాలు లేకపోతే దారి మూసుకుందని అనుమానించాలి.

ఇబ్బందేమీ లేకపోతే ఆపరేషన్ అక్కర్లేదు, అప్పుడప్పుడు స్కానింగ్ చాలు. ఇన్ఫెక్షన్ ఉంటే కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) చేయించి మందులు. సూదితో ద్రవం తీస్తే హాయిగా ఉంటుంది, కానీ చాలామందిలో మళ్లీ నిండుతుంది. దారి మూసుకుంటే మూత్రం బయటికి వచ్చే మార్గం గుండా తెరుస్తారు. సిస్ట్ పెద్దదై బాధ పెడుతుంటే లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) తీసేస్తారు. ఏది చేయాలో యూరాలజిస్టే చెప్పాలి. ఈలోపు నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొని మింగొద్దు, ఉన్న ఒక్క కిడ్నీకి ముప్పు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.