సెకండ్ హ్యాండ్ బండి 80 దాటగానే స్టీరింగ్ వణికితే: పార్టులు మార్చే ముందు టైరు చూడండి

హన్మకొండలో తిరిగినంతసేపు బండి బాగానే ఉంటుంది. హైదరాబాద్ రోడ్డెక్కి 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. ఈ మధ్యే కారు కొన్నవాళ్లు మా మెకానిక్ షెడ్డుకు రాగానే అడిగే మాట ఒకటే: "అన్నా, లోయర్ ఆర్మ్‌లు పోయినట్టున్నయ్, మార్చేద్దామా?" లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి అడుగుకు పట్టి ఉంచే లోహపు చెయ్యి. వణుకు ఒక్కటే చూసి ఏ పార్టూ మార్చకండి.

ముందు చక్రం విప్పి రిమ్ లోపలి వైపు చూడండి. వానాకాలంలో పత్తి చేను దాకా బండి పోతే రేగడి మట్టి అక్కడ పట్టి గట్టిపడుతుంది. ఒక పక్కన గుప్పెడు మట్టి ఉన్నా స్పీడులో చక్రం కొట్టుకుంటుంది. బయటి నుంచి నీళ్లు కొడితే అది పోదు, గీకి కడగాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూసి, ఆ తర్వాత బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం, చేయించండి. చాలా బండ్లకు ఇంతటితో సరిపోతుంది. ఈ చిన్న పని వదిలేసి వేలకు వేలు పెట్టి పార్టులు కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

బ్యాలెన్సింగ్ తర్వాత కూడా వణుకు పోలేదంటే టైరే ఉబ్బి ఉండొచ్చు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. పరకాల నుంచి ఒకాయన బండి తెచ్చాడు. మీటరులో కిలోమీటర్లు తక్కువ, టైర్ల గ్రిప్ కొత్తవాటిలాగే ఉంది. మిషన్ మీద బ్యాలెన్సింగ్ సున్నా చూపించింది. ఇంకేం, టైరు తప్పు లేదనుకుని రెండు లోయర్ ఆర్మ్‌లు, స్టీరింగ్ రాడ్డును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు మార్పించాను. వణుకు అట్లనే ఉంది. చివరికి చక్రం విప్పి అరచేత్తో టైరు చుట్టూ తడిమితే ఒకచోట చెయ్యంత మేర ఉబ్బు తగిలింది. లోపలి స్టీలు తీగల పొర విడిపోయింది. టైరు పక్కభాగం మీద, బండి వైపు, నాలుగంకెలు 1415, అంటే 2015లో 14వ వారంలో తయారైంది. అప్పటికే దానికి 8 ఏళ్లు. తిరగకుండా ఎండలో నిలబడి ఉన్న బండికి గ్రిప్ అరగదు కానీ రబ్బరుకు వయసు ఆగదు.

మామూలు బ్యాలెన్సింగ్ మిషన్ బరువు తేడానే పట్టుకుంటుంది. టైరు గుండ్రంగా ఉందో లేదో చెప్పదు. అందుకే చక్రాన్ని జాకీ మీద లేపి, టైరుకు వెంట్రుకవాసి దూరంలో స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టి, చేత్తో తిప్పండి. సందు ఒకచోట మూసుకుపోతే అక్కడే ఉబ్బు. రిమ్ అంచు దగ్గర కూడా అట్లనే చూస్తే రిమ్ బెండు బయటపడుతుంది. 20, 30 స్పీడులో స్టీరింగ్ దానంతటదే కుడికీ ఎడమకూ మెల్లగా ఊగినా ముందు టైరునే అనుమానించండి.

ఉబ్బిన టైరుకు రిపేరు లేదు. స్టెప్నీగా కూడా ఉంచొద్దు. మే నెల ఎండలో నిండు బండితో పోయేటప్పుడు పగిలితే ప్రాణాల మీదికొస్తుంది. అవతలి పక్కనున్న జత టైరుదీ అదే తయారీ తేదీ అయితే రెండూ మార్చండి. ఉబ్బు లేకపోయినా 6 ఏళ్లు దాటిన టైర్లను ఏటా విప్పి చూపించాలి. పదేళ్లు నిండితే గ్రిప్ ఎంతున్నా తీసేయాల్సిందే.

టైరు బాగుంటేనే కింది పార్టుల సంగతి. చక్రం గాల్లో ఉండగా పైనా కిందా పట్టి ఊపండి. ఆట (వదులు కదలిక) ఉంటే లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్ గానీ చక్రం బేరింగ్ గానీ పోయినట్టు. కుడి ఎడమల పట్టి ఊపితే ఆట ఉందా, టై రాడ్ ఎండ్ చూడండి. ఆర్మ్‌లోని రబ్బరు బుష్ మీద సన్నటి పగుళ్లకు కంగారు పడొద్దు, చినిగి లోహానికి లోహం తగులుతుంటే మార్చండి. కిలోమీటర్లు ఇన్నయ్యాయని చెప్పి ఎవరైనా మార్చమంటే, ఆ ఆట మీ కళ్లముందు చూపించమనండి.

బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు. రేజ్ ఇస్తే వణికి, వదిలితే ఆగితే యాక్సిల్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే రాడ్డు) లోపలి జాయింట్. పూర్తిగా తిప్పినప్పుడు కటకటమంటే బయటి జాయింట్. చక్రం బిగించే హబ్ వంగడం లాంటివి చాలా అరుదు, పైవన్నీ చూశాకే ఆలోచించండి.

లోయర్ ఆర్మ్ గానీ టై రాడ్ ఎండ్ గానీ మారిస్తే అదే రోజు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించండి. వారం ఆగితే కొత్త టైరు ఒక పక్కన అరగడం మొదలవుతుంది.