అలర్ట్ వస్తే ఇండెక్స్‌లో పడాలి: ఎలాస్టిక్‌సెర్చ్ వాచర్ పెట్టడం ఎలా?

బరంపురం, గోపాల్‌పూర్ వైపు రొయ్యలు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలకు సర్వర్ పని చూస్తుంటాను. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన గది వేడెక్కితే మెయిల్ వచ్చేట్టు పెట్టేసి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. రాత్రి 2 గంటలకి మెయిల్ ఎవరు చూస్తారు? నెలాఖరుకి ఓనరు ఏ గది ఎన్నిసార్లు వేడెక్కిందని అడిగితే పాత మెయిళ్లు తవ్వుకుంటూ కూర్చోవాలా? ముందు ఇండెక్స్‌లో, అంటే డేటాని దాచి వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డులు ఉండే చోట, రికార్డు పడాలి, మెయిల్ సంగతి ఆ తర్వాత.

వాచర్ అంటే ఎలాస్టిక్‌సెర్చ్‌లో డేటాని కొంతసేపటికోసారి చూసి, షరతు కుదిరితే మనం చెప్పిన పని చేసే భాగం. అది ఉచిత బేసిక్ లైసెన్స్‌లో రాదు, 30 రోజుల ట్రయల్ తీసుకుని నేర్చుకోండి. కిబానా (ఎలాస్టిక్‌సెర్చ్ డేటాని తెర మీద చూపించే సాధనం) రూల్స్‌లో ఉండే ఇండెక్స్ కనెక్టర్ బేసిక్‌లోనే వస్తుంది, దానితోనూ పని నడుస్తుంది. కానీ డేటాని మనకి కావలసినట్టు మలుచుకోవడం వాచర్‌లో ఉన్నంత సుఖంగా అక్కడ ఉండదు, అందుకే నేను దాని జోలికి పోను.

1. ముందుగా అలర్ట్ రికార్డులు పడే ఇండెక్స్ మీరే తయారు చేయండి. ఉష్ణోగ్రత ఫీల్డ్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య) రకం, సమయం డేట్ రకం. వదిలేస్తే, మొదటి రీడింగ్ దశాంశం లేకుండా మైనస్ 18 అని వచ్చిందనుకోండి, ఆ ఫీల్డ్ లాంగ్‌గా (పూర్ణ సంఖ్యగా) స్థిరపడిపోతుంది, తర్వాత వెతుకులాటలో పాయింట్ తర్వాతి అంకెలు లెక్కలోకి రావు.

2. వాచ్‌ని (వాచర్‌లో మనం రాసే పనిని) నడిపించే ట్రిగ్గర్ 5 నిమిషాలకోసారి. అంతకన్నా తక్కువ వద్దు, గది నిమిషంలో కరిగిపోదు. ఇన్‌పుట్‌లో మాత్రం గత 10 నిమిషాల్లో మైనస్ 15 దాటిన రీడింగులు వెతకండి, ఎందుకంటే మా దగ్గర నెట్ పోయి కొన్ని ఆలస్యంగా వస్తాయి. సైజు చెప్పకపోతే 10 హిట్లే (దొరికిన రికార్డులే) వస్తాయి, 500 పెట్టండి. కండిషన్: హిట్లు సున్నా కన్నా ఎక్కువ.

3. ఇక ఇండెక్స్ యాక్షన్. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

ఇండెక్స్ పేరు ఒక్కటి రాసి వదిలేస్తే, సెర్చ్ జవాబు మొత్తం, అంటే ఎంతసేపు పట్టింది, ఎన్ని షార్డ్‌లు (ఇండెక్స్ ముక్కలు), అన్ని హిట్లూ కలిపి ఒకే డాక్యుమెంట్‌గా (రికార్డుగా) పడుతుంది. రికార్డులు పడుతున్నాయి కదా అని సంబరపడతారు, వారం తర్వాత గ్రాఫ్ గీయబోతే ఏమీ రాదు. నాకూ మొదట్లో అదే అయింది, నెల డేటా పారేశాను.

కాబట్టి యాక్షన్ లోపలే, డేటా రూపం మార్చే ట్రాన్స్‌ఫార్మ్ స్క్రిప్ట్ పెట్టండి. వాచ్ స్థాయిలో పెట్టకండి, అక్కడ పెడితే మెయిల్‌కి వెళ్లే పేలోడ్ (డేటా) కూడా మారిపోతుంది. ఆ స్క్రిప్ట్ ఒక్కో హిట్ లోంచి సోర్స్ (అసలు రీడింగ్ డేటా) తీసి, వాటి జాబితాని అండర్‌స్కోర్ డాక్ (_doc) అనే ఫీల్డ్‌లో తిరిగి ఇవ్వాలి. ఈ పేరే ఉండాలి. అప్పుడే ఒక్కో రీడింగ్ విడి డాక్యుమెంట్ అవుతుంది.

ఇంకోటి. 10 నిమిషాలు వెనక్కి చూస్తూ 5 నిమిషాలకోసారి నడుపుతున్నాం కదా, ఒకే రీడింగ్ రెండుసార్లు దొరుకుతుంది. ఐడీ ఇవ్వకపోతే రెండు రికార్డులవుతాయి. సెన్సర్ పేరు, రీడింగ్ టైము కలిపి ప్రతి డాక్యుమెంట్‌లో అండర్‌స్కోర్ ఐడీ (_id) పెట్టండి, రెండోది మొదటిదాని మీదే పడుతుంది. యాక్షన్‌లో ఉండే డాక్ ఐడీ (doc_id) సెట్టింగ్ ఈ జాబితా పద్ధతికి పనికిరాదు, ఎర్రర్ ఇస్తుంది.

4. వాచ్‌ని వెంటనే నడిపి చూసే ఎగ్జిక్యూట్ ఏపీఐని సిమ్యులేట్ (ఉత్తుత్తి) మోడ్‌లో నడపండి. ఇండెక్స్‌లో ఏమీ రాయకుండానే ఏం రాయబోతోందో చూపిస్తుంది. బాగుంటే నిజంగా నడపండి.

రాత్రి 2 గంటలకి వేడెక్కిన గది రికార్డులో ముందురోజు 20:30 అని కనిపిస్తే సెన్సర్ వాడిని తిట్టకండి, అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైము, మన టైముకన్నా ఐదున్నర గంటలు వెనక. కిబానా తెర మీద మన టైమే చూపిస్తుంది.