మార్చిలో తోట పనికి దిగే ముందు

ఫాల్గుణం వచ్చింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ లాంటి పెద్ద తోటల్లో పనిచేయబోయేవారు ఇవి చూసుకోండి.

మొగ్గ తొడిగిన మల్లెను కత్తిరించవద్దు. ఆ పని జనవరిలోపే అయిపోవాలి. కొత్త చిగురు కొసనే మల్లె పూస్తుంది కాబట్టి ఇప్పుడు కత్తెర పెడితే తొలి పూత అంతా పోతుంది. కొమ్మ చివర గోధుమ గింజంత పచ్చటి మొగ్గ కనబడితే చేయి వెనక్కి తీయండి.

బూరుగు, మోదుగ పూతమీదుండగా పురుగుమందు కొట్టవద్దు. తేనెటీగలు చస్తాయి.

రాలిన ఆకు తగలబెట్టకండి, ఎంత బంగారమో అది! మొదళ్ల చుట్టూ 2 అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. కాండానికి మాత్రం ఆననివ్వకండి, కుళ్లుతుంది.

నీళ్లు ఉదయం 8 లోపే పెట్టండి. ఎండలో పెడితే కొంత ఆవిరే.

వాడిన బంతిమొక్కలు పీకే ముందు, బాగా ఎండిన పూల నుంచి విత్తనం తీసుకోండి.