హాస్టల్‌కి వచ్చాక విశ్వాసంలో ఎదగడం ఎలా?

ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ లేపేది, ప్రార్థనకి కూర్చోబెట్టేది. బొబ్బిలి దగ్గర మా ఊరి నుంచి విజయనగరం హాస్టల్‌కి వచ్చిన నెలకే నాకు తెలిసొచ్చింది, అప్పటిదాకా నాది అనుకున్న భక్తి చాలావరకు అమ్మదేనని. మీదీ అదే పరిస్థితి అయితే ఇలా మొదలుపెట్టండి.

ముందు చోటు చూసుకోండి. నలుగురున్న గదిలో కళ్లు మూసుకుంటే ఒకడు పాటలు పెడతాడు, ఇంకొకడు చార్జర్ అడుగుతాడు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో సాయంత్రం ఊరు ఊరంతా యేసు శిష్యుడు సీమోను ఇంటి వాకిట పోగవుతుంది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే యేసు ప్రభువు లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకుంటాడు. అక్కడికీ సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చేస్తారు! నాకైతే డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన దొరికింది. పొద్దున్న మోటారు వేసేదాకా అటు ఎవరూ వచ్చేవారు కాదు. పదిహేను నిమిషాలు చాలు.

తర్వాత చదవడం. ఏడాదిలో బైబిలంతా పూర్తిచేద్దామని జనవరి ఒకటిన కూర్చోకండి. 1189 అధ్యాయాలు, రోజుకి మూడు పైనే పడతాయి. నేను రెండుసార్లు లేవీయకాండం దగ్గరే ఆగిపోయాను. మార్కు సువార్తలో ఉన్నవి 16 అధ్యాయాలే. రోజుకి సగం చొప్పున చదివితే నెలలో అయిపోతుంది. పాత అనువాదంలో ‘వర్ధిల్లుచుండెను’ లాంటి మాటలు అడ్డొస్తే పైకి చదవండి, చెవికి త్వరగా అందుతాయి. చదివాక నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయండి. పదో అధ్యాయంలో, ఉన్నదంతా అమ్మి పేదలకిమ్మంటే వెళ్లిపోయిన ఆస్తిపరుడి కథ చదివిన రోజు నేను రాసింది ఇది: ‘యేసు అతన్ని చూసి ప్రేమించాడు, అయినా అతను వెళ్లిపోయాడు.’ మెస్ బిల్లు కట్టలేక టెన్షన్ పడుతున్న రూమ్మేట్ ఆ వేళ ఎదురుగానే ఉన్నాడు. లైను రాయడం తేలికే, జేబులో చెయ్యి పెట్టడానికే సాయంత్రమైంది.

నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చర్చి ఎంచుకుని, కనీసం రెండు నెలలు అక్కడికే వెళ్లండి. వారానికో చర్చి తిరిగితే పాటలు వస్తాయి గానీ, మనం రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లుండరు. పాస్టర్ అయ్యగారికి పేరు చెప్పండి. చాపలు వేయడమో, సండే స్కూల్ పిల్లలకి కథ చెప్పడమో ఏదో ఒక పని అడిగి తీసుకోండి. రెండో తరగతి పిల్ల అడిగే ప్రశ్నకి జవాబు వెతికితే మనకే ఎక్కువ తెలుస్తుంది.

కాలేజీలో తోటి విశ్వాసులు ఒకరిద్దరైనా ఉంటారు, వెతకండి. 1954లో మొదలైన యూఈఎస్ఐ లాంటి విద్యార్థి సహవాసాలున్నాయి. క్లాసులు మానేసి రమ్మనేవాళ్లకీ, ప్రశ్న అడిగితే కోప్పడేవాళ్లకీ మాత్రం దూరంగా ఉండండి.

ప్రాక్సీ అటెండెన్స్, కాపీ కొట్టిన రికార్డులు మానేయండి. వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం పెట్టడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవం వస్తుంది. రూమ్మేట్ ప్రేమగా ప్రసాదం చాపుతాడు. తీసుకోవాలా వద్దా? విగ్రహాలకి అర్పించినవి తినడం గురించి పౌలు రాసిన మొదటి కొరింథీయులు 8, 10 అధ్యాయాలు చదివి, అయ్యగారితో మాట్లాడి ముందే తేల్చుకోండి. అప్పటికప్పుడు తడబడితే మాట కటువుగా వస్తుంది. నేను తినేవాణ్ని కాదు. ‘ఏమనుకోకురా’ అనేవాణ్ని, అంతే, ఉపన్యాసం ఇచ్చేవాణ్ని కాదు. రాత్రికి మళ్లీ అందరం కలిసి గంటస్తంభం వైపు టిఫిన్‌కి పోయేవాళ్లం. క్రిస్మస్‌కి అమ్మ అరిసెల డబ్బా పంపితే, నా చేతికి వచ్చేలోపే సగం ఖాళీ చేసింది వాళ్లే.