అటక మీది ట్రంకు పెట్టెలో మిలట్రీ యూనిఫాం దొరికిందా? దాని చరిత్ర తెలుసుకునేది ఇలా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఊళ్లలో 'మిలట్రీ ఆయన ఇల్లు' అని ఒకటి ఉంటుంది. ఆ ఇంటి అటక మీద ట్రంకు పెట్టె, అందులో ఖాకీ చొక్కా, ఇత్తడి బొత్తాలు, రెండు మూడు మెడల్స్, గోడ మీద పటం కట్టించిన ఫొటో. అబ్బ (తాత) పోయిన కొన్నేళ్లకు ఇత్తడి గుజిరీ అంగడికి పోతుంది, మెడల్ ఎవరో అడిగితే ఇచ్చేస్తారు, కాగితాలు చెదలు తింటాయి. పాత సైనిక వస్తువులు సేకరించాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. పెట్టెను విడదీయకండి. విడిగా చూస్తే ఆ చొక్కా వట్టి పాతబట్ట. జేబులోని డిశ్చార్జి కాగితంతో (సర్వీసు నుంచి విడుదల చేసినప్పుడు ఇచ్చేది) కలిపి చూస్తే అది ఫలానా మనిషిది, ఫలానా పటాలానిది అవుతుంది.

ముందు చేతులు కట్టుకోండి

ఇత్తడి కనబడగానే మనకు చింతపండు గుర్తొస్తుంది. వద్దు. ఇత్తడి మెరుగుపెట్టే బ్రాసో కూడా వద్దు. చాలా మెడల్స్ అంచు మీద సన్నటి అక్షరాల్లో సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. తోమేకొద్దీ అవే అరిగిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి నక్షత్రం ఆకారపు మెడల్స్‌లో భారత సైనికులకు ఇచ్చినవాటికి పేరు వెనకవైపు ఉంటుంది. బ్రిటిష్ సైనికులకు ఇచ్చినవాటికి అది కూడా ఉండదు. అంటే మన తాతల మెడల్ పరిశోధనకు ఇంకా అనువైనది.

పెట్టెలో ఏది ఏ వరుసలో ఉందో అలాగే ఫోన్‌తో ఫొటోలు తీయండి. తరువాత జేబులు, కాలరు లోపలి వైపు, బెల్టు వెనక, టోపీ లోపలి పట్టీ చూడండి. సిరాతో రాసిన నంబరు కనిపిస్తే రాసుకోండి. పరిశోధన మొత్తానికి తాళంచెవి ఆ సర్వీసు నంబరే.

పెద్దవాళ్లను అడిగే పద్ధతి

'ఏ యుద్ధంలో పోరాడినాడు?' అని అడిగితే సినిమా కథ వస్తుంది. చిన్న విషయాలు అడగండి. 'అవ్వా, అబ్బ జాబులు యాడ నుంచి వస్తాండె? పింఛను ఏ ఊరికి పోయి తెచ్చుకుంటాండె?' బెంగళూరు అంటే ఒక దారి, వెల్లింగ్టన్ అంటే ఇంకో దారి. మద్రాస్ శాపర్ల (సైన్యంలోని ఇంజినీరింగు దళం) కేంద్రం బెంగళూరులో ఉంది, మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. పాత పింఛను పుస్తకం దొరికితే సగం పని అయిపోయినట్టే.

కాలం కట్టడం

బొత్తాలు, బ్యాడ్జీల మీద కిరీటం ఉంటే బ్రిటిష్ కాలం. 1950లో రిపబ్లిక్ అయ్యాక కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. మెడల్ మీద రాజు బొమ్మ కూడా చెబుతుంది: అయిదో జార్జ్ అయితే 1910 నుంచి 1936 మధ్య, ఆరో జార్జ్ అయితే ఆ తరువాత. చేతి మీద వీ ఆకారపు పట్టీ ఒకటి ఉంటే లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్. కాగితంలో 'జమేదార్' అని ఉంటే 1965కు ముందుది, ఆ తరువాత ఆ ర్యాంకును నాయిబ్ సుబేదార్ అన్నారు.

ఒక్క గుర్తును నమ్మి తేదీ తేల్చేయకండి. పాత బొత్తాలు కొత్త కోటుకు కుట్టుకోవడం మామూలే.

మెడల్స్‌లో మన ప్రాంతంలో కనబడే వీలున్నవి కొన్ని: బర్మా స్టార్, ఇండియా సర్వీస్ మెడల్ (వెనక భారతదేశ పటం, 1939-45 అని ఉంటుంది), 1965 నాటి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971 నాటి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ చాలావరకు అసలు వెండిది, అందుకే కంసాలి కొలిమిలో కరిగిపోయినవి ఎన్నో. రెండో యుద్ధపు వార్ మెడల్ తెల్లగా మెరిసినా మన దగ్గర ఇచ్చినది వెండి కాదు. అది చెప్పి ఇంట్లోవాళ్లను ఆపండి.

టోపీ చూసి తొందరపడొద్దు

తెల్లగానో ఖాకీగానో ఉండే దొర టోపీ కనబడితే అందరూ మిలట్రీ అంటారు. సోలా టోపీని కలెక్టరు, ఇంజినీరు, అటవీ ఆఫీసరు, మిషనరీ అందరూ పెట్టుకున్నారు. అది మన భాసికాలకు వాడే జీలుగు బెండుతో చేసింది. నీళ్లు తగిలితే ఉబ్బి పాడవుతుంది, కాబట్టి తడిబట్టతో తుడవద్దు, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి చాలు.

ఫొటోల్లోని 'మిలట్రీ' మనుషుల్లోనూ చాలామంది పోలీసులు, రైల్వే వాళ్లు, హోంగార్డులు, ఎన్‌సీసీ కుర్రాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీలో మలబార్ స్పెషల్ పోలీస్ లాంటి సాయుధ దళాల యూనిఫాం దూరం నుంచి సైన్యంలాగే ఉంటుంది. భుజం మీది అక్షరాలు చదివాకే మాట్లాడండి.

ఫొటోను ఏం చేయాలి

అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగొద్దు. అద్దంతోనే ఫొటో తీయండి. విడిగా ఉంటే అంచులు పట్టుకుని 600 డీపీఐలో స్కాన్ చేయించండి, వెనకవైపు కూడా. అసలు సమాచారం వెనకే ఉంటుంది: స్టూడియో ముద్ర, ఊరు, పెన్సిల్ రాత. ల్యామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి, జిగురుకు బొమ్మ పాడయితే మళ్లీ విడదీయలేరు.

రికార్డుల్లో వెతకడం

ఇక్కడే రాయలసీమ వాళ్లకు ఒక చిక్కు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. మదనపల్లె 1911 దాకా కడపది. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలువి. ఆదోని సైనికుడి కోసం కర్నూలు అని వెతికితే దొరక్కపోవచ్చు, బళ్లారి అని వెతకండి. పేరు కూడా గుమస్తా చెవికి విన్నట్టు రాసేవాడు, ఇంటిపేరు తరచూ ఉండదు. రెడ్డి, సుబ్బన్న, హుసేన్ లాంటి పేర్లను నాలుగైదు స్పెల్లింగుల్లో ప్రయత్నించాలి.

చనిపోయినవాళ్ల కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ ఉచితంగా చూడొచ్చు. 1914 ఆగస్టు నుంచి 1921 ఆగస్టు దాకా, 1939 సెప్టెంబరు నుంచి 1947 డిసెంబరు దాకా సేవలో ఉండి మరణించినవారి పేర్లు ఉంటాయి. బర్మాలో సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. క్షేమంగా తిరిగొచ్చిన మీ తాత పేరు అందులో లేకపోతే టెన్షన్ పడకండి, ఆ జాబితా బతికినవాళ్లది కాదు.

బతికి వచ్చినవాళ్ల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంతో మొదలుపెట్టి, వాళ్లు చెప్పిన రికార్డు ఆఫీసుకు జాబు రాయండి. నంబరు, ర్యాంకు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, మీకున్న బంధుత్వం అన్నీ ఒకే పేజీలో ఉండాలి. డిశ్చార్జి కాగితం జిరాక్స్ పెట్టండి, అసలు పంపొద్దు.

ఇంకా వెనక్కి, ఈస్టిండియా కంపెనీ కాలానికి పోవాలంటే గుత్తి కోట కింది యూరోపియన్ శ్మశానం చూసి రండి. పత్తికొండలో 1827లో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది అక్కడే. పాత సమాధి రాళ్ల మీద పేరు, తేదీ, పటాలం కనిపిస్తే ఫొటో తీసుకోండి. రాయి మీద సుద్ద రుద్దొద్దు.

దాచడం, కొనడం

ఉతికిన తెల్ల నూలుబట్టలో చుట్టి, మడతల మధ్య బట్ట ఉండ పెట్టండి. ప్లాస్టిక్ కవరులో తేమ చేరుతుంది. వేపాకు పెట్టాలంటే బాగా ఎండబెట్టి గుడ్డసంచిలో వేసి పక్కన పెట్టండి, బట్టకు తగలకూడదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మెరిసిపోయే మెడల్‌ను అనుమానించండి. అచ్చు పోసిన నకిలీలో అక్షరాలు మొద్దుబారి ఉంటాయి. అంచు మీద పేరు గీకేసినట్టు ఉంటే వదిలేయండి. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందకు రావచ్చు, దాన్ని మామూలు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు.

తాత కోటు వేసుకుని సైనికుడినని నమ్మించేలా బయట తిరిగితే భారతీయ న్యాయ సంహిత 168 సెక్షన్ కింద నేరం. రీల్స్ కోసం మోజుపడే మనవళ్లకు ముందే చెప్పండి. పెట్టె అడుగున తూటాలో తుపాకీ భాగాలో కనబడితే వాటిని ముట్టుకోకుండా, ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు తెలియజేయండి.