సిబిల్‌లో పేరే లేని విద్యార్థి మొదటి స్కోరు ఎలా తెచ్చుకోవాలి?

మా ఇల్లు హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్‌లో. పై వాటాల్లో ఎప్పుడూ ఆరేడుగురు కోచింగ్ పిల్లలు అద్దెకుంటారు. నేను బ్యాంకులో లోన్ల సీట్లో పనిచేసి రిటైరయ్యానని తెలిసినప్పటి నుంచి, సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు మెట్ల మీద నిలబడి ఫోన్ చూపిస్తుంటారు. "అంకుల్, సిబిల్‌లో స్కోరు ఉండాల్సిన చోట ఎన్‌హెచ్ అని ఉంది, అంటే బాగా తక్కువా?"

తక్కువ కాదు నాయనా, అసలు లేదని. ఎన్‌హెచ్ అంటే 'నో హిస్టరీ', చరిత్ర లేదు. ఎవరు ఎంత అప్పు చేసి ఎలా తీర్చారో రాసిపెట్టి, దానికి మార్కులు వేసే సంస్థ సిబిల్. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. జీవితంలో ఒక్క అప్పూ చేయనివాడికి ఆ అంకె పుట్టదు. హాస్టల్ ఫీజు నెలనెలా యూపీఐలో కట్టినా, డెబిట్ కార్డు అరిగిపోయేలా గీకినా పుట్టదు. అది మీ డబ్బు మీరు ఖర్చుపెట్టుకోవడమే. బాకీపడి, గడువులోగా తీరిస్తేనే అక్కడ మీ పేరు మీద ఒక వరుస మొదలవుతుంది. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్లను తిప్పి పంపొద్దని ఆర్బీఐ బ్యాంకులకు చెప్పింది, నిజమే. తిప్పి పంపకపోవడం వేరు, మంచి వడ్డీకి ఇవ్వడం వేరు.

కావలసినవి

18 నిండాలి. పాన్, ఆధార్, ఒక సేవింగ్స్ ఖాతా, 15,000 రూపాయలు. 15,000 అంటే నోరు తెరవకండి, ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

మొదటి పని: డిపాజిట్ మీద కార్డు

ఆ 15,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద క్రెడిట్ కార్డు అడగండి. జీతం స్లిప్పు అడగరు. డిపాజిట్‌లో ఎంత శాతం లిమిట్ ఇస్తారనేది బ్యాంకును బట్టి ఉంటుంది. 90 శాతం ఇస్తే 13,500. డిపాజిట్‌కు రావాల్సిన వడ్డీ వస్తూనే ఉంటుంది, కార్డు మూసేదాకా దాన్ని తీసుకోలేరు, అంతే. ఏడాది ఫీజు లేని కార్డే తీసుకోండి. కార్డు ఒక్కటే ఉండాలి. రెండో కార్డు ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే రెండోది అక్కర్లేదు.

ఇంతకంటే సులువైన దారులున్నాయని పిల్లలు వాదిస్తారు. కోఠిలో ఫోన్ ఈఎంఐ మీద ఇస్తున్నారు, దాంతో స్కోరు రాదా అంటారు. వస్తుంది. కానీ ఆ ఫోన్ మీకు అవసరమా, స్కోరు కోసం కొంటున్నారా? ఇంకా ఘోరం, రూమ్మేట్ ఫోన్‌కి తన పేరు ఇచ్చినవాడిని చూశాను. రూమ్మేట్ ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు, ఈఎంఐలు వీడి పేరు మీద మిగిలాయి. ఇక 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' పద్ధతులు. అవీ అప్పులే, 300 రూపాయల బాకీ మర్చిపోయినా రిపోర్టులో కనిపించొచ్చు. లోన్ యాప్‌ల సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలా? అప్పు తీసుకున్నవాళ్లను వేధించినందుకు 2020 డిసెంబరులో ఇక్కడి పోలీసులు పెట్టిన కేసులు గుర్తులేవా? మీ ఫోన్‌లో కాంటాక్టులు చూస్తామని అడిగే యాప్ ఏదైనా సరే, అక్కడే తీసేయండి. అలా అడగకూడదని 2022లోనే ఆర్బీఐ నిబంధన పెట్టింది.

రెండో పని: వాడటం

మూడింటికే వాడండి: ఫోన్ రీచార్జి, మెట్రో కార్డు, పరీక్ష ఫీజు. కార్డును యూపీఐకి తగిలించొద్దు. చాయ్‌కీ దోశకీ స్కాన్ చేసి, అరవై వరుసల బిల్లు తెచ్చుకుంటే దాన్ని ఎవరు చదువుతారు? లిమిట్‌లో మూడో వంతు దాటొద్దు, అంటే 4,500 లోపు. ఏటీఎంలో ఈ కార్డు పెట్టి నగదు తీయొద్దు. దానికి వడ్డీ లేని గడువంటూ ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, పైగా ఫీజు.

మూడో పని: బిల్లు కట్టడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. కార్డు తీసుకోవడం ఎవరికైనా వస్తుంది.

బిల్లులో రెండు తేదీలుంటాయి, రెండు మొత్తాలుంటాయి. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, కట్టాల్సిన ఆఖరి తేదీ ఇంకొకటి. 5న బిల్లు, 25న గడువు అనుకోండి. 6న కొన్నది వచ్చే నెల బిల్లులోకి వెళ్తుంది కాబట్టి నెలన్నర పైనే సమయం ఉంటుంది. 4న కొన్నదానికి మూడు వారాలే. "యాభై రోజులు వడ్డీ ఉండదట" అని విని 4న కొన్నవాడు కూడా యాభై రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

తేదీల కన్నా పెద్ద గొయ్యి మొత్తాల దగ్గర ఉంది. టోటల్ డ్యూ అంటే మొత్తం బాకీ, మినిమమ్ డ్యూ అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది. పోయినేడు పై వాటాలో నిజామాబాద్ కుర్రాడు ఒకడుండేవాడు, చురుకైనవాడు. బిల్లు 8,000. మినిమమ్ 400 అని కనబడితే 400 కట్టేసి హాయిగా నిద్రపోయాడు. మర్నెల బిల్లు చూసి కిందికి పరిగెత్తుకొచ్చాడు. "కట్టాను కదా అంకుల్, మళ్లీ అంతే చూపిస్తోందేంటి?"

పాత కరెంటు బిల్లు వెనక లెక్క రాసి చూపించాను. నెలకు మూడున్నర శాతం చొప్పున 8,000 మీద వడ్డీ 280. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 50. మొత్తం 330. వాడు కట్టిన 400లో అసలు కింద జమయ్యింది 70 రూపాయలు. మూడున్నర అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 42 శాతం. మా ఊళ్లో వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలంటేనే జనం శాపనార్థాలు పెట్టేవాళ్లు. ఇంకోటి వాడికి తెలియలేదు: పాత బాకీ మిగిలున్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు పోతుంది. మెట్రో కార్డులో వేసిన 200కి కూడా వేసిన రోజు నుంచే వడ్డీ. మినిమమ్ కడితే లేటు ఫీజు తప్పుతుంది, రిపోర్టులో మచ్చ పడదు. అందుకే అది అంత ప్రమాదం, ఏ గంటా మోగదు.

కాబట్టి బిల్లు దానంతటదే ఖాతాలోంచి కట్టుకునేలా ఆటోపే పెట్టేటప్పుడు 'టోటల్' అన్నదాన్ని మీ వేలితో మీరే ఎంచుకోండి. కొన్నిచోట్ల ముందే 'మినిమమ్' ఎంచి ఉంటుంది, చూడకుండా ఓకే కొట్టేస్తారు. పెట్టాక ఊరుకోవద్దు. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే ఆటోపే తిరిగొస్తుంది, దానికీ ఛార్జీ.

నన్నడిగితే ఆటోపే కూడా వద్దు. బిల్లు మెసేజ్ వచ్చిన రోజే, చాయ్ తాగే లోపు, మొత్తం కట్టేయాలి. ఇంకో పద్ధతి లేదు. గడువు దాటి మూడు రోజుల లోపైతే లేటు ఫీజు వేయకూడదని, బాకీ పడ్డట్టు సిబిల్‌కు చెప్పకూడదని ఆర్బీఐ నిబంధన ఉంది. ఈ సంగతి పై వాటా పిల్లలకు నేను చెప్పను. చెప్తే 25 కాస్తా 28 అవుతుంది. రిపోర్టులో మూడేళ్ల వరకు నెలకొక గడి ఉంటుంది, ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో అంకె పడుతుంది. అన్నీ సున్నాలే ఉండాలి.

ఇలా ఆరు నెలలు గడిస్తే ఎన్‌హెచ్ పోయి అంకె కనబడుతుంది.

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లు

అదీ మీ చరిత్రే. మామూలుగా ఏడున్నర లక్షల వరకు తాకట్టు అడగరు, దాటితే అడుగుతారు. 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో మీ కాలేజీ ఉంటే తాకట్టూ హామీదారూ అక్కర్లేదు, ముందు అది చూడండి. చదువయ్యేదాకా, ఆపై ఏడాది వరకు వాయిదాలుండవు కానీ వడ్డీ లెక్క ఆగదు. ఆ వడ్డీ నెలనెలా కట్టగలిగితే చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి. లోన్‌లో నాన్న కూడా సహ రుణగ్రహీత కాబట్టి మీరు వాయిదా ఎగ్గొడితే ఆయన స్కోరూ పడిపోతుంది. ఆయన ట్రాక్టర్ లోన్‌కి వెళ్లినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

చివరి పని: రిపోర్టు చూడటం

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా డబ్బు పెట్టక్కర్లేదు. మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు. పది చోట్ల కార్డుకు అప్లై చేస్తే తగ్గుతుంది.

మనవాళ్లకు పేర్లతో ఒక తంటా ఉంది. పాన్‌లో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, టెన్త్ మెమోలో ఒక్క అక్షరం. అలాంటివి ఉంటే ఒకరి లోన్ ఇంకొకరి రిపోర్టులో వచ్చి కూర్చుంటుంది. మీది కాని అప్పు కనబడితే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టి, నంబరు రాసిపెట్టుకోండి. 30 రోజుల్లో సరిచేయాలి, లేకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి.