వానలు పడేలోపు కాళ్ళూ చూసుకోండి, వంటిల్లూ చూసుకోండి

మే నెల అయిపోవస్తోంది, ఇంకో రెండు మూడు వారాల్లో వానలు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగిన దగ్గర్నుంచీ మా సింగ్ నగర్ వైపు ఈ టైమ్‌కి అందరిదీ ఒకటే మాట, సామాన్లు పైకెత్తాలి, ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టాలి అని. నేను మాత్రం కాళ్ళ గురించి చెప్తా. డ్రెస్సింగ్ రూమ్‌లో నర్సుగా పద్నాలుగేళ్ళ నుంచి కట్లు కడుతున్నా. జూలై నుంచి అక్టోబర్ దాకా వచ్చేవాళ్ళలో చాలామంది కాలికి ఏదో గుచ్చుకుని, ఆ కాలు నీళ్ళలో నాని, పది రోజులు పసుపు పెట్టుకుని చూసి, ఇంక తగ్గట్లేదని అప్పుడు వచ్చినవాళ్ళే, వాళ్ళలోనూ ఎక్కువమంది షుగర్ వాళ్ళు.

మా అత్తయ్యకీ అదే అయింది. వరద తగ్గాక ఇంట్లో బురద తోస్తుంటే బొటనవేలి కింద గాజుపెంకు దిగింది, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి ఉన్నాయి కదా, ఆవిడకి తెలియనే లేదు, తుడిచిన నేల మీద ఎర్రగా అడుగులు పడుతుంటే చూసి నేనే కూర్చోబెట్టా. ఆ సాయంత్రానికే వాళ్ళక్క, మేము పెద్దమ్మగారు అంటాం, వచ్చి పథ్యం పెట్టేశారు. "గుడ్డు పెట్టకమ్మాయ్, చీము పడుతుంది. చేప అసలొద్దు, వంకాయొద్దు, కూరలో నూనె చుక్క కూడా వెయ్యకు." నేను నర్సునై ఉండి కూడా పెద్దావిడకి ఎదురు చెప్పలేక ఊరుకున్నా, అది నా తప్పే. మూడు వారాలు చారన్నం, బీరకాయ. అసలు అంతకు ముందు ఏడాది నుంచే ఆవిడ షుగరని నూనె మానేసి ఉన్నారు. పుండు అంచులు తెల్లగా గట్టిపడ్డాయి, అడుగున ఎర్రటి కండ రావాల్సిన చోట పాలిపోయి ఉంది, పిక్కల మీద చర్మం గోకితే పొలుసులు రాలుతున్నాయి. అంతా నూనె మానడం వల్లే అని అనను, ఫాస్టింగ్ షుగర్ 240 ఉంది మరి. కానీ తిండి కూడా ఒక కారణమే అని మా డైటీషియన్ మేడమ్ కూర్చోబెట్టి చెప్పాక నాకు బుర్రకెక్కింది.

మన చర్మం పై పొర నీళ్ళు బయటికి పోకుండా, క్రిములు లోపలికి రాకుండా ఆపేది కొవ్వుతోనే. ఇటుకల మధ్య సిమెంటు ఉంటుందే, అలా కణాల మధ్య సెరమైడ్లు అని ఉంటాయి, వాటిల్లో ముఖ్యమైన రకం తయారవ్వాలంటే లినోలిక్ యాసిడ్ అనే కొవ్వు పదార్థం కావాలి, అది ఒంట్లో తయారవ్వదు, తిండిలోంచే రావాలి. 1929లో బర్ అనే సైంటిస్టు దంపతులు అమెరికాలో ఎలుకలకి కొవ్వు బొత్తిగా లేని తిండి పెడితే వాటి చర్మం పొలుసులు కట్టింది, తోకలు పుళ్ళు పడ్డాయి, తర్వాత ఏడాది దానికి మందు లినోలిక్ యాసిడే అని తేల్చారు. మనుషుల్లో కూడా నోటితో తినలేక, కొవ్వు లేని తిండిని సెలైన్‌లా నరంలోకి ఎక్కించుకుంటూ చాలా రోజులున్న పేషెంట్లకి ఇదే వచ్చింది, చర్మం ఎండి పొలుసులు రాలడం, గాయం మానకపోవడం.

రెండోది వాపు సంగతి. దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వేడిగా, వాచి ఉంటే అందరూ భయపడతారు కానీ మొదటి మూడు నాలుగు రోజులు అది ఉండాలండీ. బుడమేరు తగ్గాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కొట్టి కడిగాయి గుర్తుందా, అలాంటిదే అది, చచ్చిన కణాల్ని, క్రిముల్ని కడిగేస్తుంది. ఆ పైపు తిప్పేవి లినోలిక్ లాంటి ఒమెగా-6 కొవ్వుల నుంచి వచ్చే అరాకిడోనిక్ యాసిడ్, దాన్నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు లాంటివి. అయితే బురద పోయాక కూడా నీళ్ళు కొడుతూనే ఉంటే గోడ ఎప్పుడు ఆరుతుంది, సున్నం ఎప్పుడు వేస్తాం? పైపు కట్టేయమని చెప్పే వాటిల్లో చేపల్లో, అవిసెల్లో ఉండే ఒమెగా-3 కొవ్వుల నుంచి వచ్చే రిసాల్విన్లు ముఖ్యమైనవి. షుగర్ పుళ్ళు చాలావరకు ఆ కడిగే దశలోనే ఇరుక్కుపోతాయి, నెలలు గడిచినా ముందుకి కదలవు.

అందుకే ఫిష్ ఆయిల్ మింగితే చాలు గాయం మాయం అనే మాట నమ్మొద్దు. 2008లో వచ్చిన ఒక చిన్న స్టడీలో ఆరోగ్యంగా ఉన్న 30 మందిలో కొందరికి నాలుగు వారాలు ఫిష్ ఆయిల్ ఇచ్చి చేతి మీద చిన్న బొబ్బలు చేసి చూశారు, వాళ్ళవి తొందరగా ఏమీ మానలేదు, కాస్త ఆలస్యమే అయినట్టు కనిపించింది, అదీ గట్టిగా చెప్పేంత తేడా కాదు. ఇరాన్‌లో షుగర్ పాదం పుళ్ళున్న 60 మంది మీద చేసిన 2017 స్టడీలో మాత్రం 12 వారాలు అవిసె నూనె ఒమెగా-3 తీసుకున్నవాళ్ళకి పుండు సైజు ఎక్కువ తగ్గింది. రెండూ చిన్నవే. కొత్త గాయానికి మొదట్లో ఆ వాపు కావాలి, పాత పుండుకి అది తగ్గాలి, రెండింటికీ ఒకటే మందు అవ్వదు కదా అని నాకనిపిస్తుంది.

సరే ఇప్పుడేం చేయాలి అంటే, వానలు పడ్డాక కాదు ఇప్పుడే మొదలుపెట్టాలి, ఎందుకంటే పై చర్మం కొత్తగా రావడానికి నెల పైనే పడుతుంది, తిన్న ఒమెగా-3 కణాల పొరల్లోకి చేరడానికీ వారాలు కావాలి. ఈ నెల వండిందే జూలైలో మీ అరికాలి చర్మం. జీరో ఆయిల్ వంట చేస్తున్నవాళ్ళు అది మానేయండి, రోజుకి మనిషికి నాలుగు టీ చెంచాల లోపు మంచి నూనె ఉండనివ్వండి. లినోలిక్ మామూలు సన్‌ఫ్లవర్ నూనెలో 60 శాతం దాకా ఉంటుంది, నువ్వుల నూనెలో 40 పైన, వేరుశనగ నూనెలో 30 అటూ ఇటూ, పామాయిల్‌లో 10 దగ్గర. ఒకే ప్యాకెట్‌కి కట్టుబడకుండా మార్చి మార్చి వాడండి. ఒమెగా-6 మనకి ఎలాగూ అందుతుంది, అసలు కొరత ఒమెగా-3దే. వారానికి రెండుసార్లు కవ్వలు, కానాగంతలు లాంటి సముద్రం చేప పులుసు పెట్టుకోండి, ఖరీదైన చేపే అక్కర్లేదు. వేపుడు మాత్రం వద్దు. శాకాహారులైతే అవిసె గింజల కారప్పొడి, గింజలు దోరగా వేయించి మెత్తగా కొట్టి రోజూ రెండు చెంచాలు అన్నంలో కలుపుకోండి, నమలకుండా మింగిన గింజ అలాగే బయటికి పోతుంది. చేపలో ఉండే రకంగా మారేది అందులో కొంచెమే, అయినా వదలొద్దు.

పునుగుల బండి దగ్గర నల్లబడిన నూనె చూస్తుంటారు కదా, అలా పదే పదే కాగిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలని ఫుడ్ సేఫ్టీ రూలే ఉంది. ఇంట్లో కూడా అప్పడాలు వేయించిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లోకి వాడేయండి, మళ్ళీ వేపుళ్ళకి పెట్టొద్దు.

గాయం అయ్యాక గుడ్డు, పప్పు, చేప, పెరుగు ఆపకండి. గుడ్డుకి చీము పట్టదు, చీము పట్టేది క్రిములకి. కిడ్నీ సమస్య ఉంటే ఎంత తినాలో డాక్టర్‌ని అడగండి. తినే నూనె తినడానికే, పుండు మీద నూనె, పసుపు, కాఫీ పొడి ఏదీ వద్దు. ఫిష్ ఆయిల్ మాత్రలు వేసుకునేవాళ్ళు డబ్బా వెనక్కి తిప్పి చూడండి, ముందు వెయ్యి మిల్లీగ్రాములు అని ఉన్నా మామూలు మాత్రలో అసలు ఒమెగా-3 రకాలు ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములు, అంతే. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఆపరేషన్ డేటు ఉన్నా ఆ డబ్బా కూడా డాక్టర్‌కి చూపించండి.

ఇవన్నీ చెప్పాక కూడా మొదటి జాగ్రత్త చెప్పులే. నీళ్ళు నిలిచిన చోట ఒట్టి కాళ్ళతో దిగొద్దు, ఆ నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఇప్పుడే అడగండి. షుగర్ చెక్ చేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి. అత్తయ్యకి మంచం పక్కన చిన్న అద్దం పెట్టా, ఇప్పుడు పెద్దమ్మగారే ఫోన్ చేసి "ఇవాళ చూసుకున్నావా" అని అడుగుతున్నారు. ఆ పుండు సంక్రాంతికి గానీ మూసుకోలేదు.

ఎరుపు రోజురోజుకీ పైకి పాకుతున్నా, వాసన వస్తున్నా, వేలు నల్లబడినా, జ్వరం, చలి వచ్చినా ఆ రోజే హాస్పిటల్‌కి రండి, ఆదివారమైనా సరే, సోమవారం దాకా ఆగొద్దు.